తీగను నొక్కాలా, వదిలేయాలా?

బేస్ గిటార్ పట్టిన మొదటి వారంలోనే ఓపెన్ స్ట్రింగ్ పరిచయమైపోతుంది. ఎడమచేతికి పని లేదు, కుడిచేత్తో మీటితే చాలు, స్వరం పలుకుతుంది. రెండు నెలలు గడిచేసరికి ఎవరో ఒకరు, చాలాసార్లు నేర్పే మాస్టారే, ‘ఇక ఓపెన్ స్ట్రింగ్ మానెయ్, అన్నీ ఫ్రెట్ మీదే వాయించు’ అంటారు. ఆ మాటకు కారణాలు లేకపోలేదు. కానీ ఈ వాయిద్యానికి ఒక భాష ఏర్పరచినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన జేమ్స్ జేమర్సన్ వాయింపు నిండా ఓపెన్ స్ట్రింగులే. అలాగని ఆయనను గుడ్డిగా అనుకరించినా పప్పులో కాలేసినట్టే. సంగతి కొంచెం లోతుగా చూడాలి.

నాలుగు తీగల బేస్‌కి శ్రుతి లావు తీగ నుంచి వరసగా ఈ, ఏ, డీ, జీ. సన్నపాటి జీ తీగను నొక్కకుండా మీటితే 98 హెర్ట్జ్‌ల స్వరం వస్తుంది. అదే స్వరం డీ తీగ మీద 5వ ఫ్రెట్ దగ్గర ఉంది, ఏ తీగ మీద 10వ ఫ్రెట్ దగ్గర, ఈ తీగ మీద 15వ ఫ్రెట్ దగ్గర కూడా ఉంది. ట్యూనర్‌కి నాలుగూ ఒకటే, చెవికి మాత్రం కాదు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నాటి నుంచీ మోగే తీగ పొడవు ఎక్కువగా 34 అంగుళాలే. ఓపెన్ జీ మోగినప్పుడు ఆ 34 అంగుళాలూ ఊగుతాయి. డీ తీగ మీదికి వెళ్తే పాతికన్నర, ఏ తీగ మీద 19, ఈ తీగ మీద 14 అంగుళాల పైచిలుకు మాత్రమే మిగులుతుంది. పైగా వెళ్లేకొద్దీ తీగ లావవుతుంది. పొట్టిగా, లావుగా ఉన్న తీగ బిరుసుగా కదులుతుంది, త్వరగా ఆరిపోతుంది, నాదం మందంగా, గుండ్రంగా ఉంటుంది. ఓపెన్ స్ట్రింగ్‌లో మెరుపు ఎక్కువ, మోత ఎక్కువసేపు ఉంటుంది. నొక్కినప్పుడు వేలి కండ కొంత కంపనాన్ని మింగేస్తుంది, ఓపెన్‌లో అదీ లేదు.

ఇంకో తేడా తీగ ఆనే చోటులో ఉంది. నొక్కిన తీగ లోహపు ఫ్రెట్ మీద ఆనుతుంది, ఓపెన్ తీగ మెడ చివరనున్న ఎముకదో ప్లాస్టిక్‌దో నట్ మీద ఆనుతుంది. ఈ తేడా పోగొట్టడానికి కొందరు తయారీదారులు నట్ పక్కనే ‘జీరో ఫ్రెట్’ ఒకటి దిగ్గొడతారు. 1961లో పాల్ మెకార్ట్నీ హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ 500/1 అలాంటిదే.

నాదం సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు స్వరం మొదలవడంలో కాదు, ముగియడంలో ఉంది. నొక్కిన స్వరాన్ని ఆపడానికి వేలు కాస్త సడలిస్తే చాలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, డ్రమ్మర్ స్నేర్ దెబ్బకు సరిగ్గా ముందు కూడా, ఆగిపోతుంది. ఓపెన్ స్ట్రింగ్‌కి ఆ సౌకర్యం లేదు. దాన్ని ఆపాలంటే వేరే వేలు ఎక్కడినుంచో వచ్చి తాకాలి, లేదా కుడిచేతి బొటనవేలు కాపలా కాయాలి. కాయకపోతే ఏ తీగ మోగుతుండగానే డీ తీగ మీద తర్వాతి స్వరం పడి, కింది స్థాయిలో రెండూ కలిసి బురదవుతుంది. మీటకుండానే మోగే తీగ ఇంకో తలనొప్పి. ఏ తీగ 7వ ఫ్రెట్ మీద ఈ స్వరం మీటి చూడండి. పక్కనున్న లావు ఈ తీగ దానంతటదే కదులుతుంది, ఎందుకంటే మీరు మీటింది దాని రెండో హార్మోనిక్‌నే.

వీణ తెలిసినవాళ్లకు మరో పరిమితి చెప్పనక్కర్లేదు. మెట్టు మీద నొక్కిన తీగనే పక్కకు లాగి గమకం పలికిస్తాం, ఖాళీ తీగ కేవలం తన స్వరం చెప్పి ఊరుకుంటుంది. బేస్‌లోనూ అంతే. ఓపెన్ స్ట్రింగ్‌కి వైబ్రాటో ఇవ్వలేం, జారుతూ ఇంకో స్వరంలోకి వెళ్లలేం.

ఇన్ని లోపాలుంటే జేమర్సన్ దాన్ని ఎందుకంతగా పట్టుకున్నాడు? సమాధానం ఆయన మొదట చేతపట్టిన వాయిద్యంలో ఉంది. 1936లో సౌత్ కరోలినాలోని ఎడిస్టో దీవిలో పుట్టిన జేమర్సన్ డెట్రాయిట్ వెళ్లి, అక్కడి నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో నిలువెత్తు డబుల్ బేస్ నేర్చుకున్నాడు. దాని మీద కింది భాగంలో ఎడమచెయ్యి చాచినా పట్టుకు అందేది ఒక పూర్తి స్వరం దూరమే. ఉంగరపు వేలు విడిగా పనిచేయదు, చూపుడు, మధ్య, చిటికెన వేళ్లే దిక్కు. అక్కడ ఓపెన్ స్ట్రింగ్ లేకుండా ఒక స్కేల్ కూడా సుఖంగా నడవదు. జాజ్ వాయిద్యకారులకు అది అలవాటు, అంతకన్నా అవసరం.

మోటౌన్ సంస్థ స్టూడియోలో 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీదికి మారినా ఆ అలవాటు పోలేదు. కుడిచేతికి ఒక్క చూపుడు వేలే వాడేవాడు. పై తీగల నుంచి కింది తీగలకు దిగేటప్పుడు ఆ వేలినే జీ, డీ, ఏ మీదుగా ఒక్క ఊపులో లాగేవాడు. మధ్యలో తగిలేవి ఓపెన్ స్ట్రింగులైతే ఎడమచేతికి ఆ కాసేపూ విశ్రాంతి. పాట ఫ్లాట్ స్కేల్లో ఉన్నా ఆయన వెనకాడలేదు. ఏ ఫ్లాట్ మీద దిగాలంటే దానికి అర స్వరం పైనున్న ఓపెన్ ఏ రెప్పపాటు తగిలి పోతుంది. అది స్కేల్‌కి చెందదు, అయినా తప్పనిపించదు, ఎందుకంటే అది బరువు లేని చోట పడుతుంది, చెవి దాన్ని పట్టుకునేలోపు అసలు స్వరం వచ్చేస్తుంది. ఇళయరాజా పాటల్లో గాయకుడి వెనక బేస్ వేరే పాటలా నడవడం గమనించే చెవి ఉంటే, మార్విన్ గే 1971 ఆల్బం ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఒకసారి జేమర్సన్ బేస్ కోసమే వినండి.

అయితే అనుకరించేవాళ్లు మరిచేదొకటుంది. జేమర్సన్ తీగలు నున్నటి ఫ్లాట్‌వౌండ్ రకం, లావువి, ఏళ్ల తరబడి మార్చనివి. బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క నొక్కి ఉండేది. ఆ ఏర్పాటులో ఓపెన్ స్ట్రింగ్ మెరుపూ పోతుంది, సాగే మోతా పోతుంది. నొక్కిన స్వరానికీ నొక్కనిదానికీ తేడా దాదాపు చెరిగిపోతుంది. అందుకే ఆయనకు ఆ స్వేచ్ఛ దక్కింది. 1966లో ‘ది హూ’ బృందం బేసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్‌తో కలిసి రోటోసౌండ్ కంపెనీ రౌండ్‌వౌండ్ తీగలకు పియానోలాంటి మెరుపు తెచ్చాక కథ మారింది. కొత్త రౌండ్‌వౌండ్ తీగ ఓపెన్‌గా మోగితే వరసలో ఆ ఒక్క స్వరమే ‘టంగ్’మని బయటికి పొడుచుకొస్తుంది. మాస్టార్ల ‘ఓపెన్ మానెయ్’ సలహాకి బలం అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం. అంటే అది సంగీతానికి సంబంధించిన నియమం కాదు, తీగల రకానికి సంబంధించిన జాగ్రత్త.

ఇక ఓపెన్ స్ట్రింగ్ నిజంగా అక్కరకొచ్చే చోటు చేయి మారేటప్పుడు. మెడ మొదట్లో 3వ ఫ్రెట్ దగ్గర ఉన్నారు, తర్వాతి స్వరం జీ తీగ 12వ ఫ్రెట్. మధ్య దూరం దాదాపు అడుగు. 120 టెంపోలో ఎయిత్ నోట్‌కి దొరికేది పావు సెకను. ఆ పావు సెకనులో ఓపెన్ డీ మోగించండి. అది మోగుతున్నంతసేపూ ఎడమచెయ్యి గాలిలో ప్రయాణిస్తుంది, వినేవాళ్లకు ఖాళీ తెలియదు. నొక్కిన స్వరాలతోనే అంత దూరం దూకితే ఏదో ఒక స్వరం పొడవు తెగుతుంది, లేదా జారుడు శబ్దం వినిపిస్తుంది.

పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా వాయించేవాళ్లకు మాత్రం నొక్కిన పట్టే దేవుడు. గాయని మైకు దగ్గరికొచ్చి ‘అర శ్రుతి దించండి’ అంటుంది. ఈ మైనర్‌లో నాలుగు ఓపెన్ స్ట్రింగులూ స్కేల్లో ఉన్నవే. ఈ ఫ్లాట్ మైనర్‌లోకి దిగితే ఒక్కటీ మిగలదు. ఓపెన్ మీద ఆధారపడి నేర్చిన లైన్ అక్కడికక్కడ కూలిపోతుంది. నొక్కిన పట్టుతో నేర్చినవాడు, ఓపెన్ ఈ స్వరాన్ని మొదటే ఆక్టేవ్ పైన పట్టి ఉంటే, చేతిని ఒక ఫ్రెట్ కిందికి జరుపుకుని పాట మొదలుపెడతాడు. నాలుగు తీగల మీద లోతైన ఈ స్వరం మరెక్కడా దొరకదు కాబట్టి ఆ ముందుచూపు తప్పదు.

దీనికి ఎదురుగా బేసిస్ట్ లారీ గ్రాహం ఉన్నాడు. ఆయన బొటనవేలితో కొట్టే స్లాప్ పద్ధతికి ఓపెన్ ఈ తీగే పునాది, అందుకే ఆ వాయింపు ఈ స్కేల్ చుట్టూ ఎక్కువగా తిరుగుతుంది. మరో బేసిస్ట్ జాకో పాస్టోరియస్ 1976లో ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’ని ఎక్కువగా తీగల హార్మోనిక్స్ మీదే కట్టాడు. అక్కడ వేలు తీగను తాకుతుంది, నొక్కదు. నొక్కడానికీ వదిలేయడానికీ మధ్య దారి అది.

నా తీర్పు అడిగితే ఇది: స్వరం ఎంతసేపు ఉండాలో ముందు తేల్చుకోండి. పొట్టిగా తెగాలంటే, గమకం కావాలంటే, పాట శ్రుతి మారే ప్రమాదముంటే నొక్కండి. స్వరం సాగాలంటే, చెయ్యి దూరం వెళ్లాల్సి ఉంటే, బరువు లేని చోట దాటిపోయే స్వరమైతే వదిలేయండి. వదిలేసేముందు దాన్ని ఏ వేలు ఆపుతుందో మాత్రం తెలిసి ఉండాలి. ఏదైనా ఒక పాట బేస్ లైన్‌ని రెండు రకాలుగా వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఒంటరిగా కాదు, డ్రమ్స్‌తో కలిపి. ఏది నిలబడుతుందో విని, అదే వేదిక మీద వాయించండి.