బరువు తెలిసినవాళ్లే కారవానర్లు

బ్రిటన్‌లో వేసవి సెలవులకు బయల్దేరే ముందు కొన్ని ఇళ్ల ముంగిట తూకం జరుగుతుంది. కారవాన్ ముందు కొస కింద స్ప్రింగు బిగించిన చిన్న గొట్టం ఒకటి నిలబెట్టి, అక్కడున్న బుల్లి చక్రాన్ని మెల్లగా పైకి తిప్పుతారు. బండి ముందు బరువంతా గొట్టం మీదికి దిగుతుంది. గీత ఎనభై కిలోల దగ్గర ఆగితే సరే. అరవై దగ్గరే ఆగిందంటే లోపలికెళ్లి, వెనకున్న సామాను కొంత ముందుకు జరిపి మళ్లీ తూస్తారు.

తెలుగువాళ్లకు కారవాన్ అనగానే షూటింగుల దగ్గర నటీనటులు సేదదీరే ఏసీ బస్సు గుర్తొస్తుంది. ఇది వేరు. దీనికి ఇంజను ఉండదు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అమర్చిన ఓ గదిని సొంత కారుకు తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు. అలా తిరిగేవాళ్లను కారవానర్లంటారు. సెలవుల సరదా కింద లెక్కేస్తారు గానీ, చేతిపని తెలిస్తే తప్ప సాగని సరదా ఇది.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఆ తూకం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకు పడితే ఎద్దుల మెడలు కుంగుతాయి. కారవాన్ ముందు కొస కారు మీద మోపే బరువును నోస్‌వెయిట్ అంటారు. అది మొత్తం బండి బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది వాళ్ల లెక్క. అంటే 1,400 కిలోల కారవాన్‌కు 70 నుంచి 98 కిలోలు. కారుకూ కొక్కేనికీ ఉన్న పరిమితి మాత్రం దాటకూడదు. ఇంకో లెక్కా ఉంది. సామానుతో సహా కారవాన్ బరువు, కారు బరువులో 85 శాతం మించకపోతే మంచిది. ఇది చట్టం కాదు, అనుభవజ్ఞుల సలహా. కొత్తవాళ్లు తప్పక పాటించాల్సిన సలహా.

సర్దడం కూడా దీన్నిబట్టే. గుడారం, డబ్బాల్లాంటి బరువైనవి నేల మీద, ఇరుసుకు దగ్గరగా పెడతారు. పై అరల్లో బట్టలు, దుప్పట్లు. వెనక బరువు పెరిగిపోతే ఏమవుతుందో మోటారు మార్గం మీద తెలుస్తుంది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకెళ్లగానే గాలి తోపుకు కారవాన్ తోక అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. ఆ ఊపు చూస్తుండగానే పెరిగి, కారును కూడా పక్కకు లాగేస్తుంది. దీన్ని స్నేకింగ్ అంటారు. భయంతో బ్రేకు తొక్కితే ప్రమాదం ముదురుతుంది. స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, వేగం దానంతటదే తగ్గేదాకా ఓపిక పట్టాలి. ఆ క్షణంలో కాలిని అదుపులో పెట్టుకోవడం చిన్న విషయం కాదు.

సరదాగా కారవాన్‌లో తిరిగినవాళ్లలో మొదటివాడిగా గోర్డన్ స్టేబుల్స్ పేరు చెబుతారు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత పిల్లల సాహస కథలు రాసిన స్కాట్లండ్ మనిషి. బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్‌తో ‘వాండరర్’ అనే బండి కట్టించుకుని, 1885లో రెండు గుర్రాలతో ఇంగ్లండ్‌లోని ట్వైఫర్డ్ నుంచి ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. అయితే బండి తోలడానికి ఒక మనిషి, ముందు ట్రైసైకిల్ మీద వెళ్లి దారి చూసి రావడానికి ఇంకో మనిషి ఉన్నారు. మోటారు కార్లు వచ్చాక, 1919లో ఎక్లెస్ సంస్థ కారు లాగే కారవాన్ల తయారీ మొదలుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శామ్ ఆల్పర్ తెచ్చిన స్ప్రైట్ బళ్లు సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాయి. నౌకర్లు చేసిన పని ఇంటివాళ్ల చేతుల్లోకి వచ్చింది అప్పుడే. అసలైన కారవానర్ల కథ స్టేబుల్స్ దగ్గర కాదు, ఇక్కడ మొదలైందనాలి.

ఇంకో సంగతి మరవకూడదు. స్టేబుల్స్ కంటే ముందే బళ్లలో కాపురాలు చేసిన రోమా, ట్రావెలర్ కుటుంబాలు అక్కడున్నాయి. 1960లో వచ్చిన కారవాన్ స్థలాల చట్టంతో వాళ్లకు బండి ఆపుకునే చోటే కరువైంది. అదే చట్టం విహార క్లబ్బులకు మినహాయింపులిచ్చింది. సభ్యులు ఇప్పటికీ రైతుల పొలాల్లో, ఒక్కో చోట ఐదు కారవాన్లకు మించకుండా దిగుతున్నారు. ఒకరికి దొరికిన సౌకర్యం ఇంకొకరికి దక్కకపోవడం అన్యాయమే.

పొలానికి చేరాక మళ్లీ పని. ముందు ఎడమ కుడి మట్టం చూస్తారు. పల్లంగా ఉన్న వైపు చక్రం కింద ఏటవాలు దిమ్మె పెట్టి బండిని దాని మీదికెక్కిస్తారు. తర్వాత ముందున్న బుల్లి చక్రాన్ని తిప్పి ముందు వెనకలు సరిచేస్తారు. ఆఖర్న నాలుగు మూలలా కాళ్లు దింపుతారు. ఆ కాళ్లు బండి కదలకుండా పట్టి ఉంచడానికే, జాకీలా ఎత్తడానికి కాదు. మట్టం కుదరకపోతే సింకులో నీళ్లు పోవు, గ్యాసుతో నడిచే ఫ్రిజ్ చల్లబడదు. రాత్రి నిద్రా పట్టదు.

1997 జనవరి 1 తర్వాత లైసెన్సు తీసుకున్నవాళ్లు బ్రిటన్‌లో పెద్ద కారవాన్ లాగాలంటే విడిగా పరీక్ష పాసవ్వాల్సి ఉండేది. 2021 డిసెంబరు 16న ఆ నిబంధన తీసేశారు. మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల దాకా లాగవచ్చు. పరీక్ష పోయిందని నేర్చుకోవడం మానేస్తే ఎలా? కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ శిక్షణ తరగతులు నడుపుతోంది. తగిలించడం, విడదీయడం, రివర్సు చేయడం అక్కడ చేతికి నేర్పుతారు. రివర్సులో స్టీరింగు తిప్పిన వైపుకు కాక, ఎదురు వైపుకు కారవాన్ తిరుగుతుంది. అది పుస్తకం చదివితే రాదు.

బ్రిటన్‌లో ఉంటున్న మన కుటుంబాలు కారవాన్ కొనబోయే ముందు ఒకరోజు ఆ శిక్షణకు కేటాయించండి. దంపతులిద్దరూ వెళ్లండి. తూకం గొట్టం కొనుక్కోండి. సామాను సర్దిన ప్రతిసారీ తూచండి. బండి కదులుతున్నప్పుడు కారవాన్‌లో ఎవరినీ కూర్చోబెట్టకండి, పిల్లలు మారాం చేసినా సరే.