రెండు మిల్లీమీటర్ల అక్షరం

హైదరాబాద్‌లోని యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా మీదుగా ఒకప్పుడు మీటర్ గేజ్ బళ్లు నడిచేవి. ఆ గేజ్ మీద దేశమంతా తిరిగిన వైపీ ఆవిరి ఇంజన్‌ను 87వ వంతుకు కుదించి, దాని మీద రైల్వే పేరు మళ్లీ రాసే నమూనాకారులంటే నాకెంతో గౌరవం.

ఇంజన్ ఏ కాలానిదో ఆ అక్షరమే చెబుతుంది. ఇక్కడి రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి కొనేసింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. 1970 నాటి ఇక్కడి ఇంజన్‌కు సెంట్రల్ పేరు ఉంచితే కాలం తప్పినట్టే.

పని మొదలయ్యేది చెరపడంతో. స్పిరిట్‌లో తడిపిన దూది పుల్లతో పాత పేరును మెత్తబరిచి, కింది నలుపు పోకుండా తుడవాలి. అసలు ఇంజన్ మీద ఆరంగుళాల అక్షరం ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. నీటిలో నానబెట్టి జార్చే స్టిక్కర్ అయినా, సన్న కుంచె అయినా, ఊపిరి బిగబట్టాల్సిందే. ఛత్తా బజార్‌లో కలం పట్టిన ఉర్దూ లేఖకుల చేతి నిలకడే ఇక్కడా కావాలి.

తర్వాత ఇత్తడి తీగతో చేతికమ్ములు, ఇంజన్ వెనకుండే టెండర్‌లో నలగ్గొట్టిన నిజం బొగ్గు. బాయిలర్ నీరు కారి ఎండినచోట తెల్లటి చార, పొగపెట్టె కింద బూడిద రంగు పొడి. అన్నిటికన్నా నాకిష్టం ఆ చారే. దాన్ని వేయాలంటే నీళ్లలోని సున్నం ఇనుము మీద ఎలా పేరుకుంటుందో గమనించి ఉండాలి.