గసగసాలు లేని పులుసు

కోడి పులుసులోకి గసగసాలు వద్దంటే మా కడప వైపు ఆడవాళ్లు ఒకసారి ఎగాదిగా చూస్తారు. గల్ఫ్‌లో ఆ గింజ ఊసే ఎత్తకూడదు. నల్లమందు మొక్క గింజలని అక్కడ నిషేధం. తెలియక సంచిలో పెట్టుకుని విమానం దిగినవాళ్లు కేసుల్లో ఇరుక్కున్నారు. అందుకే కువైట్ సిటీలోని మాలియాలోనో, ఫర్వానియాలోనో మనవాళ్లు నడిపే మెస్సులో సంగటి ముందు కూర్చున్నప్పుడు, పులుసులో నేను ముందు వెతికేది ఆ లోటునే. చెయ్యి తిరిగినవాడు వండితే అది దొరకదు.

గసగసాలు చేసే పని చిన్నదేం కాదు. పులుసుకు చిక్కదనం ఇస్తాయి, కారం వాడిని తగ్గిస్తాయి, అంతా చేసి తమ రుచి బయటపెట్టవు. వాటి బదులు వేసేవన్నీ నోరున్న సరుకులే. శెనక్కాయలు నాలుగు ఎక్కువైతే గుత్తివంకాయ వాసన కొడుతుంది. జీడిపప్పు వేస్తే పెళ్లిభోజనం కుర్మా అయిపోతుంది. ఎండుకొబ్బరి ఎక్కువైతే నూనె పైకి తేలి, కింద పులుసు పలచబడుతుంది. మంచి వంటవాడు కొబ్బరిని, పుట్నాలను విడివిడిగా వేయించి, శెనక్కాయల్ని వేలితో లెక్కబెట్టినట్టు వేసి, మూడూ కలిపి మెత్తగా నూరుకుంటాడు. ఒకదాని నోరు ఇంకొకటి మూయిస్తుందన్నమాట. దీన్ని ఏ పుస్తకమూ చూసి నేర్చుకోలేదు. కొన్ని శుక్రవారాల పులుసు చెడగొట్టుకుని నేర్చుకున్న లెక్క ఇది.

ఇక కోడి. నాటుకోడి పులుసని పలకమీద రాస్తారు గానీ కువైట్‌లో చవగ్గా దొరికేది బ్రెజిల్ నుంచి గడ్డకట్టి వచ్చిన ఫారం కోడి. నాటుకోడి ముదురు ముక్క, గంటసేపు ఉడికితే తప్ప లొంగదు. ఆ గంటలోనే దాని సారం పులుసులోకి దిగుతుంది. ఫారం కోడి పావుగంటకే మెత్తబడి, ఒళ్లంతా నీళ్లు కక్కుతుంది. అలవాటుకొద్దీ ఇంటి పద్ధతిలో వండితే ముక్క పీచుపీచవుతుంది, పులుసు ఎర్రనీళ్లవుతుంది. అందుకని అక్కడ వరస తిరగేస్తారు. ఎర్రగడ్డలు, అల్లం వెల్లుల్లి, కారం, నూరిన మసాలా నూనె తేలేదాకా ముందే వేగాలి. నాటుకోడి ఉడికేంత సేపూ ఆ మసాలాకే ఇచ్చేస్తారు. కోడి చివర్లో వచ్చిన చుట్టం. నీళ్లు విడిగా పొయ్యరు, అది కక్కిన నీళ్లే చాలు. తింటూ ఉంటే ఊరి పులుసే అనిపిస్తుంది, ముక్క కొరికినప్పుడే తేడా తెలుస్తుంది. ముక్క దగ్గర మోసం కుదరదు మరి.

నీళ్ల సంగతి వేరు. కువైట్‌లో తాగే నీరు దాదాపు అంతా సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసినదే. కడప, కర్నూలు బోరునీళ్ల గట్టితనం దానికి లేదు. మన బోరునీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకదని అత్తలు కోడళ్లమీద విసుక్కోవడం నాకు తెలుసు. అక్కడ అదే పప్పు కాస్త ఏమరితే గంజిలా అయిపోతుంది. పుల్లగూర ఎనిపితే పప్పు, ఆకు రెండూ కనపడాలి. కాబట్టి పప్పు పలుకు మీద ఉండగానే దించి, మిగతా ఉడుకు దాని వేడికే వదిలేస్తారు.

సంగటికి మాత్రం ఏ సర్దుబాటూ ఒప్పుకోరు. బియ్యం మెత్తగా ఉడికి నీళ్లు ఇంకా ఉండగానే, నడిమధ్య రాగిపిండి కుప్పగా పోస్తారు. కలపరు. కట్టెతో పిండిలో ఒక బొక్క పెట్టి, మూత వేసి, మంట తగ్గిస్తారు. ఆవిరి ఆ బొక్కలోంచి పైకి తన్ని పిండిని లోపల్నుంచి ఉడికించాలి. తొందరపడి ముందే గెలికితే ఉండలు కడతాయి, ఉండ మధ్యలో పచ్చిపిండి మిగులుతుంది. తర్వాత రెండు కాళ్ల మధ్య గిన్నె బిగించి, కట్టెతో ఎనపడం. యాభై మందికి వండే గిన్నెను ఎనిపే మనిషి భుజాలు చూస్తే అది వంటపని అనిపించదు, మడి దున్నినట్టుంటుంది. తడిచేత్తో తాకితే అంటుకోకూడదు, అదే గుర్తు.

ఈ మెస్సుల్ని కుటుంబ హోటళ్లు అనొచ్చా? కుటుంబం అక్కడ లేదు. ఇళ్లలో పనిచేసేవాళ్లది ఇరవయ్యో నంబరు వీసా, కంపెనీలవాళ్లది పద్దెనిమిదోది. పెళ్లాం బిడ్డల్ని పిలిపించుకోవాలంటే జీతం గీత దాటాలి. 2024లో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు ఆ గీత నెలకు 800 దినార్లు. డ్రైవర్‌కు, ఇంటిపని మనిషికి అది అందని ఎత్తు. పొయ్యి దగ్గర ఉండేది అన్న, బావమరిది, చిన్నాయన కొడుకు. మిగతా సగం కుటుంబం రాజంపేటలో ఉంటుంది. కారం అక్కడే దంపిస్తారు, రాగులు అక్కడే ఆడిస్తారు, సెలవుకొచ్చి తిరిగిపోయే ప్రతి మనిషి పెట్టెలో రెండు కిలోలు ఎక్కుతాయి. పాతబడ్డ పిండికి చేదు వాసన వస్తుంది. సంచి విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకోవడం అందుకే.

కుటుంబాన్ని వదిలి ఉండాల్సిన ఈ ఇబ్బంది అమెరికాలో కొరియన్లకు లేకపోయింది. 1965 నాటి వలస చట్టం రక్తసంబంధీకుల్ని పిలిపించుకునే దారి తెరిచింది. లాస్ ఏంజలెస్ కొరియాటౌన్‌లో తల్లి కిమ్చి కలపడం, కొడుకు గల్లా దగ్గర కూర్చోవడం అలా కుదిరింది. అడిగితే మళ్లీ వడ్డించే చిన్న గిన్నెల బంచన్‌కు వాళ్లు డబ్బు తీసుకోరు, మన మెస్సులో ఊరిబిండి పచ్చడికి తీసుకోనట్టే. తల్లి చేతి రుచికి వాళ్లకు సోన్‌మత్ అని ఒక మాటే ఉంది. 2019లో పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్లు తయారవడం మొదలయ్యాక ఆ వంట మన రాయలసీమకూ వచ్చింది. మన చేతిరుచి మాత్రం సముద్రం దాటడానికి ఫోను మీద ఆధారపడింది.

శుక్రవారం తెల్లవారుజాము. మెస్సు వంటవాడు ఇమోలో వీడియో కాల్ పెట్టిన ఫోను ఉప్పుడబ్బాకు ఆనించి ఉంటుంది. అవతల ఊళ్లో అతని పెళ్లాం పిల్లకు జడ వేస్తూ ఇటు ఓ కన్నేసి ఉంచుతుంది.

"బావా, అప్పుడే కట్టె పెట్టొద్దు. ఇంగ రోంతసేపు మగ్గనీ."

"ఆవిరి బాగనే వస్తాంది గదా?"

"పక్కల్లోంచి వస్తాంది. బొక్కలోంచి రానీ."

అతను మూత మళ్లీ వేసి, మంట ఇంకాస్త తగ్గించి, గోడకు ఆనుకుని నిలబడతాడు.