రహదారి భద్రతా పరిశోధన – ప్రభుత్వ నిధులు: ‘ప్రమాద’ భావనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
రహదారి మరణాలను నిర్లక్ష్యంగానో విధిగానో చూసే భాష ప్రభుత్వ వ్యయాన్ని శిక్ష వైపు, పరిహారం వైపు నడిపిస్తోందనీ, కారణాన్వేషణకు చోటు లేకుండా చేస్తోందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత రహదారులను నేపథ్యంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ప్రమాదం, రహదారి భద్రత, అనువర్తిత పరిశోధన, మోటారు వాహనాల చట్టం, కడప జిల్లా.

1. ప్రవేశిక

సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగులో ఆ అర్థం పలచబడి, ఆపద అనే అర్థం స్థిరపడింది. ‘ప్రమాదవశాత్తు’ అన్నప్పుడైతే ఎవరి తప్పూ లేదనే ధ్వని వినిపిస్తుంది. ఒకే మాటలో నింద, నిర్దోషిత్వం రెండూ ఇమిడి ఉన్నాయి. పత్రికల జిల్లా పుటల్లో తరచు కనిపించే ‘అతివేగంతో అదుపుతప్పి’ అనే పదబంధంలో వాహనం కర్త అవుతుంది. రోడ్డు కేవలం అధికరణంగా మిగిలిపోతుంది. తప్పయితే శిక్షించాలి, విధి అయితే పరిహారమివ్వాలి. ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు రెండింటిలోనూ తావు లేదు.

2. చట్టభాష – నిధుల దారి

రహదారి మరణాలను పోలీసులు సాధారణంగా నిర్లక్ష్యపు సెక్షన్ల కిందనే నమోదు చేస్తారు. పూర్వం అది భారత శిక్షాస్మృతి 304ఎ. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్లపై మరణించారు. వారిలో 71.2 శాతం మరణాలు అతివేగం ఖాతాలో చేరాయి. ఈ లెక్కకు మూలం పోలీసు నమోదులే. వంపు ఎంత, వెలుతురు ఉందా, పల్లె దారి రహదారిలో ఎలా కలుస్తోంది అని నమోదులో అడగనప్పుడు గణాంకం వాటికి జవాబు చెప్పలేదు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఈ ధోరణినే స్థిరపరిచింది. 164బి సెక్షన్ ఏర్పరచిన నిధి క్షతగాత్రుల చికిత్సకు, ఢీకొట్టి పారిపోయిన కేసుల్లో పరిహారానికి ఉద్దేశించినది. ఇవి అవసరమైనవే; అయితే పరిశోధన ఆ జాబితాలో లేదు. 198ఎ సెక్షన్ ప్రకారం రహదారి రూపకర్తలు, గుత్తేదారులు ప్రమాణాలు పాటించనందువల్ల మరణం సంభవిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ లోపం ఋజువు కావాలంటే సాంకేతిక పరిశోధన కావాలి. వసూలైన జరిమానా మాత్రం మళ్లీ 164బి నిధికే చేరుతుంది.

3. మూడు పట్టణాల మధ్య

67వ జాతీయ రహదారి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా ముద్దనూరు చేరుతుంది. అక్కడి నుంచి దక్షిణంగా పులివెందుల దారి. సిమెంటు లారీలు, నాపరాళ్ల బండ్లు, థర్మల్ కేంద్రపు బూడిద లారీలు, అరటి, చీనీకాయల లోడ్లు తిరిగే ఈ ప్రాంతపు రోడ్లపైనే ద్విచక్రవాహనాలు, ఆటోలు, గొర్రెల మందలు కూడా సాగుతాయి. వేగంలోనూ బరువులోనూ ఇంత అంతరమున్న రాకపోకలకు ఎలాంటి రోడ్డు కావాలన్నది స్థానికంగా తేల్చవలసిన ప్రశ్న.

ప్రస్తుత విధానం ‘బ్లాక్ స్పాట్’ పై ఆధారపడుతుంది. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడేళ్లలో మరణం లేదా తీవ్రగాయం కలిగించిన 5 ఘటనలు గాని, 10 మరణాలు గాని నమోదైతేనే ఆ చోటు బ్లాక్ స్పాట్ అవుతుంది. చెదురుగా మనుషులు చనిపోయే పల్లె రోడ్లకు ఈ కొలమానం అందదు. పైగా అది మరణాల తరువాత మేలుకొనే పద్ధతి.

ఘటనల సమాచారాన్ని పోలీసు, రవాణా, రహదారుల, వైద్యశాఖలకు అనుసంధానించే ‘ఐరాడ్’ వ్యవస్థను మద్రాసు ఐఐటీ రూపొందించింది. పులివెందులలో జేఎన్‌టీయూఏ ఇంజనీరింగ్ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. జాతీయ పరిశోధన సంస్థ స్థాపనకు 2023లో చేసిన చట్టం ఐదేళ్లకు 50,000 కోట్ల రూపాయల వ్యయాన్ని అంచనా వేసింది. కనుక లోటు ధనానిది మాత్రమే కాదు, ప్రాధాన్యానిది.

4. ఒక ఆక్షేపణ

మద్యం తాగి నడపడం, శిరస్త్రాణం ధరించకపోవడం నిర్లక్ష్యం కావా అని అడగవచ్చు. నిశ్చయంగా అవుతాయి. అయితే మనిషి పొరబడతాడని ముందే అంగీకరించి, ఆ పొరబాటు ప్రాణం తీయని విధంగా రోడ్డును నిర్మించాలనే సూత్రాన్ని స్వీడన్ పార్లమెంటు 1997లో ఆమోదించింది. ఊహించగల, నివారించగల ఘటనలను ‘యాక్సిడెంట్’ అనడం తగదని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లో తన పుటల నుంచి ఆ మాటనే తొలగించింది. తెలుగులో మాట మార్చడం తప్పనిసరి కాదు. మాట వెనుక ప్రశ్న మారాలి.

5. ముగింపు

జరిమానాల ఆదాయంలో నిర్ణీత వాటాను స్థానిక కళాశాలల పరిశోధనకు కేటాయించాలి. వ్యక్తుల వివరాలు తొలగించిన సమాచారాన్ని పరిశోధకులకు అందించాలి. ఒక మలుపును సరిదిద్దాక అక్కడ గాయాలు తగ్గాయా లేదా అని లెక్కించడం కూడా పరిశోధనేనని నిధులిచ్చే సంస్థలు గుర్తించాలి. అప్పటిదాకా ముద్దనూరు దారిలో జరిగే ప్రతి మరణం ‘అదుపుతప్పి’ అనే మాటతోనే ముగుస్తుంది; తరువాతి మరణానికి కారణమయ్యే రోడ్డు మాత్రం అలాగే ఉంటుంది.