చౌరస్తాలో నిలబడేదెవరు?

హైదరాబాదు జ్ఞాపకాల వ్యాసాలు చదివినప్పుడల్లా నాకొక సందేహం వస్తూ ఉంటుంది. ‘ఒకప్పుడు కోఠి ఇలా ఉండేది కాదు’ అని మొదలవుతాయి అవి. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ మీద గంటలకొద్దీ సాగిన చర్చలు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దొరికిన అపురూపమైన పుస్తకం, సినిమా హాలు ముందు జనం, విమెన్స్ కాలేజీ గేటులోంచి గుంపులుగా బయటికొచ్చే అమ్మాయిలు, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివర్లో ఇప్పుడవేవీ లేవని ఒక నిట్టూర్పు. ఈ వ్యాసాల్లో చూసేవాడొకడుంటాడు. అతనికి ఎక్కడికీ తొందర లేదు. అమ్మాయిలు అతను చూసే దృశ్యంలో భాగం. అదే చౌరస్తా ఆ అమ్మాయిలకెలా కనిపించింది, అక్కడ వాళ్లు ఎంతసేపు నిలబడగలిగారు అన్న ప్రశ్న ఆ రచనకు తట్టనే తట్టదు.

ఇది కొందరు రచయితల అలవాటులే అనుకుని ఊరుకోవచ్చు. కానీ సాహిత్య విమర్శ ఈ అలవాటుకి గౌరవమైన పేరు కూడా పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో పనేమీ లేకుండా వీధులు తిరుగుతూ, జనంలో కలిసీ కలవకుండా వాళ్లను చూసే మనిషిని ‘ఫ్లానర్’ అన్నారు. బోదలేర్ రాసిందాన్నీ, తర్వాత వాల్టర్ బెంజమిన్ చేసిన చర్చనీ పట్టుకుని ఆధునిక నగర సాహిత్యానికి అతన్నే ప్రతినిధిని చేశారు. ఈ పాత్రలో స్త్రీ ఎందుకు కనపడదని 1985లో జానెట్ వుల్ఫ్ ఒక వ్యాసంలో అడిగింది. ఒంటరిగా, తీరిగ్గా వీధిలో తిరగడానికే వీల్లేని స్త్రీకి ఆ పాత్ర ఎలా దక్కుతుందన్నది ఆమె ప్రశ్న. అంతకు చాలా ముందే, 1927లో, వర్జీనియా వుల్ఫ్ లండన్ వీధుల్లో సాయంకాలపు నడక గురించి రాస్తూ పెన్సిల్ కొనుక్కోవాలన్న వంకతో ఇంట్లోంచి బయలుదేరింది. ఆ పెన్సిల్ సంగతి మన ఆడవాళ్లకు ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ, చీరకి ఫాల్, పిల్లల పాఠ్యపుస్తకాలు, పరీక్ష ఫీజు, మందుల చీటీ, ఇలా కోఠికి వెళ్లడానికి మనందరి చేతిలోనూ ఏదో ఒక పెన్సిల్ ఉండి తీరాలి.

‘కోఠీ’ అంటేనే పెద్ద భవంతి. 1803 ప్రాంతంలో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ వల్ల ఆ చోటికి ఆ పేరొచ్చింది. 1924లో మొదలైన విమెన్స్ కాలేజీ 1949లో ఆ భవనంలోకి మారింది. ఇతర దేశాల పాఠకులకు దీన్ని బాగా పరిచయం చేసింది 2002లో వచ్చిన విలియం డాల్రింపుల్ పుస్తకం ‘వైట్ మొగల్స్’. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమ, పెళ్లి అందులో ప్రధాన కథ. శ్రద్ధగా చేసిన పరిశోధనే. 1805లో అతను చనిపోయాక హెన్రీ రస్సెల్ అనే మరో బ్రిటిష్ అధికారి ఆమెకు దగ్గరై ఆ తర్వాత వదిలెయ్యడం, 1813లో చిన్న వయసులోనే ఆమె చనిపోవడం, వీటిని రచయిత దాటవెయ్యలేదు. అయినా ఆ కథ ఎక్కువగా నడిచేది మగవాళ్లు రాసుకున్న ఉత్తరాల ఆధారంగానే. ఖైరున్నీసా మనసులో ఏముందో చాలావరకు వాళ్ల మాటల్లోంచే ఊహించుకోవాలి. పరదా దాటి వచ్చి భవనం ముందుభాగం చూడలేని ఆమె కోసం జనానా తోటలో దాని నమూనా ఒకటి చిన్నగా కట్టించాడని చెప్పుకుంటారు. అందరూ దాన్ని ప్రేమకు గుర్తుగానే చూస్తారు. తనుండే చోటు ముఖద్వారాన్ని ఒక ఆడమనిషి బొమ్మలో చూసుకోవలసి రావడమేమిటని నాకనిపిస్తుంది. పుస్తకం చదివి కోఠి చూడ్డానికొచ్చేవాళ్ల దృష్టి గోడ లోపలే ఉంటుంది. గోడ బయట బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు వాళ్లకు అడ్డం వచ్చే రద్దీ మాత్రమే.

మరి మన రచయిత్రుల్లో ఈ వీధి ఎక్కడుంది? స్త్రీవాద కథ ముందుగా ఇంటి మీద దృష్టి పెట్టింది. పెట్టవలసిందే. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోయిన గృహిణిని చూశాక మన ఇళ్లు మనకి మునుపటిలా కనపడలేదు. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’లో కుండీలో ముచ్చటగా పెంచిన చెట్టుకీ, బయట గాలివానకు తట్టుకుని నలుగురికీ ఆసరా అయిన తురాయి చెట్టుకీ పోలిక ఉంది. ఆ కథ మీద మనం ఎన్నో పాఠాలు చెప్పుకున్నాం, వ్యాసాలు రాసుకున్నాం. అన్నిట్లోనూ బోన్‌సాయ్ దగ్గరే ఆగిపోయాం. ఆరుబయట చెట్టుని ఒక ఆదర్శంగా వదిలేశాం. ఆ ఆరుబయటే పుట్టి, ఆ ఎండలోనే పొద్దంతా పనిచేసే ఆడవాళ్లకు వీధి ఆదర్శమూ కాదు, విముక్తీ కాదు, బతుకుతెరువు. ఇల్లు దాటి రావడమే స్వేచ్ఛ అంటే ఎవరి ఇల్లు, ఏ గడప అని దళిత రచయిత్రులు ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు. చౌరస్తాని చదవాలంటే ఆ ప్రశ్న మనకు తప్పదు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో తెచ్చిన ‘వై లాయిటర్?’ ముంబై గురించిన పుస్తకం. బహిరంగ స్థలంలో ఉన్న స్త్రీ తనకక్కడ ఏదో పనుందని ఎప్పుడూ రుజువు చేసుకుంటూ ఉండాలనీ, పనేమీ లేకుండా ఊరికే ఉండగలగడమే నగరం మీద హక్కుకి అసలైన కొలత అనీ వాళ్ల వాదన. భద్రత పేరుతో ఇచ్చేది చాలాసార్లు రక్షణే తప్ప హక్కు కాదన్న మాట కూడా అందులో ఉంది. హైదరాబాదులో 2014 అక్టోబరులో షీ టీములు వచ్చాయి. వేధించేవాడిని పట్టుకోవడం మంచిదే, ఆ ధైర్యం విలువ తక్కువేం కాదు. కానీ వేధించేవాళ్లు లేని చోట కూడా ఆడవాళ్లు కాసేపు కూచోడానికి ఒక అరుగు, వెళ్లడానికి శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆ చౌరస్తా వాళ్లది ఎలా అవుతుంది?

ఈ పుస్తకం వాదన మన దగ్గర ఎంత నిజమో 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలయ్యాక చూశాం. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు అక్కర్లేకపోయాయి. వెంటనే జోకులు మొదలయ్యాయి. పనీపాటా లేకుండా తిరుగుతున్నారనీ, ఉల్లిపాయలు కొనడానికి కూడా ఊరు దాటి పోతున్నారనీ. బస్సుల మీద భారం, ఆటోవాళ్ల ఆదాయం గురించి నిజమైన చర్చ జరగాలి. ఆ జోకులు మాత్రం ఆ చర్చలో భాగం కాదు. వాటి బాధంతా ఆడది ఊరికే తిరగడం గురించే. మన నగర వ్యాసకర్తకి సాహిత్య గౌరవం తెచ్చిపెట్టిన గుణమే, ఆ పని లేకుండా తిరగడమే, బస్సెక్కిన ఆడదానిలో నేరమయింది. ఇద్దరూ దిగే స్టాపు కోఠే.

అయితే ‘వై లాయిటర్?’ కొలత ఒక్కటే కూడా చాలదు. సుల్తాన్‌బజార్ దారిలో జాంకాయల గంప పెట్టుకున్న అమ్మకీ, మూరల లెక్కన పూలమ్మే అమ్మకీ, రిబ్బన్లూ పిన్నీసులూ దుప్పటి మీద పరుచుకున్న అక్కకీ పనుంది. పొద్దున బోణీ నుంచి రాత్రి సామాను మూటగట్టేదాకా పనే. అక్కడ ఆ పనే నేరం. పనిలేని ఆడది తిరుగుబోతు, పనున్న ఆడది ఆక్రమణదారు. ఈ రెండు మాటల మధ్య స్త్రీకి చౌరస్తాలో న్యాయంగా నిలబడే చోటు ఎక్కడ? పనిలేకుండా ఉండే హక్కునీ, పనిచేసుకునే హక్కునీ విడివిడిగా మాట్లాడినన్నాళ్లూ మధ్యతరగతి స్త్రీ ఒక వ్యాసంలో, గంపెత్తుకున్న స్త్రీ మరో వ్యాసంలో ఉండిపోతారు. ఇద్దరూ బేరమాడుకునేది మాత్రం ఒకే ఫుట్‌పాత్ మీద.

మెట్రో వచ్చినప్పుడు సుల్తాన్‌బజార్, బడీచౌడీ గురించి చాలా వాదనలు జరిగాయి. వ్యాపారులు ఏళ్లతరబడి వద్దన్నారు. మార్గం మార్చాలన్న ప్రతిపాదనా నడిచింది. చివరికి ఆ ఇరుకు బజారు మీదుగానే లైను పడి, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా రైళ్లు మొదలయ్యాయి. పాత బజారు అందం పోతుందని కొందరు, అభివృద్ధి కావాలని కొందరు రాశారు. నేను చదివినంతలో ఈ రెండు పక్షాల రాతల్లోనూ దుకాణదారుడు ఉన్నాడు, ప్రయాణికుడు ఉన్నాడు. దుకాణం మెట్ల ముందు నేల మీద కూచునే మనిషి లెక్కకి రాలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీల్లో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలుండాలంటుంది. ఆ చట్టాన్ని నగర సాహిత్యం మీద వ్యాసంలో ఎందుకు చెప్తున్నానంటే, కోఠి ఎలా మారిందో చెప్పే రచనకి మూతబడ్డ హోటలు ఎంత ఆధారమో, గంప పెట్టుకునే రెండడుగుల నేల ఎవరి చేతిలో ఉందన్నదీ అంతే ఆధారం.

విమెన్స్ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తను సాగుచేసుకున్న నేల కోసం, పండించిన గింజల కోసం దొరతో తలపడిన స్త్రీ పేరు ఇప్పుడు కోఠి గోడ మీద ఉంది. నాకది సంతోషమే. కానీ ఆ పేరుని బోర్డుగా వదిలేస్తే గోడ లోపలి నమూనా లాంటిదే మరొకటి తయారవుతుంది. ఐలమ్మ పోరాటం నేల ఎవరిదన్న ప్రశ్న. అదే ప్రశ్న ఆ గోడకి ఆనుకుని, బస్టాపులోనూ తోపుడుబండి దగ్గరా రోజూ నడుస్తోంది.

అందుకే చౌరస్తా మారిందని రాసిన ప్రతి రచననీ నేను మొదట అడిగేది ఒకటే: ఇందులో చూస్తున్నవాళ్లకి నిలబడే చోటు ఎలా దొరికింది? ఆ జవాబు లేని రచన ఎంత అందంగా ఉన్నా సగమే. మిగతా సగం రాయవలసినవాళ్లు కోఠిలో చాలామందే ఉన్నారు. హాస్టల్ గేటు మూసే వేళకి పరుగెత్తే విద్యార్థిని ఉంది. ఉచిత బస్సులో జీవితంలో మొదటిసారి ఒంటరిగా సుల్తాన్‌బజార్ వచ్చిన నడివయసు స్త్రీ ఉంది. ‘రా అక్కా, చూసి పో’ అని పొద్దంతా పిలిచే మనిషి ఉంది. వాళ్లు చెప్పింది మనం వినాలి, వాళ్లు రాసింది అచ్చెయ్యాలి, పాఠాల్లో పెట్టాలి. కోఠి గురించి ఇకమీద రాసే విమర్శ అక్కణ్ణుంచే మొదలవ్వాలి.