పేరుకు తెలుగు రూపం

హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఐటీ కంపెనీల వెంటే ఆ చుట్టుపక్కల వెబ్‌సైట్లు, లోగోలు చేసిపెట్టే ఏజెన్సీలూ వెలిశాయి. వాటి గుమ్మం తొక్కే క్లయింట్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లతో పాటు పచ్చళ్ల వ్యాపారులు, చేనేత చీరల దుకాణదారులు, బిల్డర్లు, పంటి డాక్టర్లూ ఉంటారు. వీళ్ల దగ్గర కొనేవాళ్లలో తెలుగు చదివేవాళ్లకు కొదవలేదు. అయినా చాలాసార్లు లోగో ఇంగ్లీషులోనే పుడుతుంది. తెలుగు పేరును ఆఖర్న, చేతికందిన ఫాంటులో టైపు చేసి కింద అతికిస్తారు. ఏజెన్సీ పనితనం ఎంతటిదో నేను అక్కడే చూస్తాను.

పేరును బొమ్మలా గీయడం మనకు కొత్త విద్య కాదు. సైన్‌బోర్డు ఆర్టిస్టులు సుద్దగీత కొట్టుకుని, ఒత్తులకు కింద చోటు వదిలి, అప్పుడు కుంచె పట్టేవారు. పుస్తకాల అట్టల మీద, సినిమా టైటిళ్లలో చిత్రకారుడు బాపు రాసిన అక్షరాలను చూడగానే ఆయనవని చెప్పేయవచ్చు. ఆ చేతిరాత తర్వాత ఫాంటుగానూ వచ్చింది.

కంప్యూటరు తెరమీద చిక్కులు వేరు. ‘పచ్చళ్లు’ అన్న మాటనే తీసుకోండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగు ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి ‘పచ్‌చళ్‌లు’ అని పడుతుంది. తెలుగు రాని డిజైనరుకు ఆ తప్పు కనపడదు, ఫైలు అలాగే ఫ్లెక్సీకి వెళ్లిపోతుంది. వెబ్ పేజీలో ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల దూరమే తెలుగుకూ ఉంచితే, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ఇంకా సూక్ష్మమైనది చిన్న సైజు సంగతి. ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఉన్న చిన్న గీతే. బ్రౌజరు ట్యాబు మీది 16 పిక్సెళ్ల గుర్తులో ఆ గీత మాయమైతే అక్షరమే మారిపోతుంది. అందుకే మంచి డిజైనరు చిన్న సైజుకు అక్షరాన్ని మళ్లీ గీస్తాడు, లోపలి ఖాళీలు పెంచుతాడు.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పాత మేటరుతో మరో తంటా. యూనికోడ్‌లోకి మార్చకుండా సైటులో పెడితే పిచ్చిగీతలు వస్తాయి, గూగుల్ వెతుకులాటకూ అందదు. ఇప్పుడు ఫాంట్లు లేవన్న సాకు చెల్లదు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముంబైలోని ఫాంట్ల సంస్థ ఏక్ టైప్ వారి బాలూ తమ్ముడు ఫాంటు కూడా అక్కడే ఉంది. అయితే ఫాంటు దొరికినంత మాత్రాన లోగో అయిపోదు. తలకట్టు వంపు, గీత మందం పక్కనున్న ఇంగ్లీషు పేరుతో పొసగేదాకా చేత్తో దిద్దాలి. ఈ దిద్దుబాటుకే నేను ఎక్కువ విలువ కడతాను. కొనేవాడికి గుర్తుండిపోయేది ఆ రూపమే.

మీరు క్లయింటు అయితే మొదటి మీటింగులోనే తెలుగు లోగో అడగండి. ఇంగ్లీషుతో పాటే గీయమనండి. తెచ్చాక మీ ఫోనులో తెరిచి, తెలుగు బాగా చదివే మీ ఇంటి పెద్దవాళ్లకు చూపించి, ఆ తర్వాతే సరే అనండి.