ఉత్తర పినాకిని అంటే మా పెన్నే

పోయిన సంవత్సరం 8వ తరగతిలో నదుల పాఠం మీద పెట్టిన పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఉత్తర పినాకిని ఎక్కడ పుడుతుంది అంటే నంది కొండలు అని రాశాను. పొడవు 597 కిలోమీటర్లు అని కూడా రాశాను.

సంక్రాంతి సెలవులకు జమ్మలమడుగు దగ్గర మా అవ్వ వాళ్ల ఊరికి పోయాం. బస్సు పెన్న వంతెన దాటుతుంటే ఇసుకలో సన్నగా నీళ్లు కనిపించాయి. ఇంటికి పోయాక, ఈ ఏరు ఎక్కడి నుంచి వస్తుందవ్వా అని అడిగాను. "మీ బెంగళూరు పక్క నుంచే కదమ్మా, నంది కొండల నుంచి" అంది అవ్వ. అవ్వ బడికి పోలేదు. నేను మార్కులు తెచ్చుకున్న నదీ, చిన్నప్పటి నుంచి చూస్తున్న పెన్నా ఒకటే అని నాకు ఆ రోజు దాకా తెలియదు!

తప్పు నాదే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే పాఠం చెప్పే పద్ధతిలో కూడా లోపం ఉందనిపించింది. మాకు నదులు పట్టికగా వస్తాయి. పేరు, పుట్టిన చోటు, పొడవు, కలిసే చోటు అని నాలుగు గడులు. తర్వాత కర్ణాటక అవుట్‌లైన్ మ్యాపులో నీలం గీత గీస్తాం. ఆ గీత గౌరీబిదనూరు దాటి రాష్ట్రం అంచుకు రాగానే ఆగిపోతుంది, ఎందుకంటే కాగితం మీద అవతల ఏమీ లేదు. నది మాత్రం ఆగదు కదా. హిందూపురం వైపు పోతుంది, గండికోట దగ్గర కొండను కోసుకుని పోతుంది, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని కూడా అంతే. నంది కొండల దగ్గరే పుట్టి హోస్కోటె మీదుగా తమిళనాడుకు పోతుంది. అక్కడ దానికి ఇంకో పేరు.

సార్లను అనడం తేలిక. పీరియడు 40 నిమిషాలే, మ్యాపు ప్రశ్నకు మార్కులు గ్యారంటీ, అందుకని గుర్తులు బట్టీ పట్టిస్తారు. కానీ మన ఊళ్లోనే ఎంత భూగోళం ఉందో చూడండి. బెంగళూరు ఒక గట్టు మీద ఉంది. పడమటి పక్క పడిన వాన వృషభావతిలోకి, అక్కడి నుంచి అర్కావతిలోకి, కనకపుర దాటాక సంగమం దగ్గర కావేరిలోకి పోతుంది. తూర్పు పక్క వాన బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో కలుస్తుంది. మైసూరు రోడ్డులో మనం ముక్కు మూసుకుని దాటే మోరీ ఒక నది అని ఏ పట్టికా చెప్పలేదు. మనం తాగే నీళ్లేమో సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో పైకెక్కి వచ్చే కావేరి. కావేరి గొడవ వస్తే బడికి సెలవు ఇస్తారు, ఎందుకు గొడవో క్లాసులో చెప్పరు. (లాల్‌బాగ్ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. పిక్నిక్‌కు పోయినప్పుడు దాని మీద కూర్చుని చిత్రాన్నం తిని వచ్చాం.)

"ఇవన్నీ చెప్తూ కూర్చుంటే నైలు, అమెజాన్ ఎవరు చెప్తారు?" అని నా స్నేహితురాలు అడిగింది. మంచి ప్రశ్నే. నాకు తోచింది ఇది: ఒక నదిని పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా వెంబడించిన వాళ్లకు, ఇథియోపియా ఆనకట్ట కడితే ఈజిప్టు ఎందుకు కంగారు పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పై ఊరు, కింది ఊరు అనేది పట్టికలో కనిపించదు.

ఈ సంవత్సరం సార్‌ని అడిగి కర్ణాటక మ్యాపు, ఆంధ్ర మ్యాపు పక్కపక్కన అతికించాం. అంచులు కలవలేదు. రెండింటి స్కేలు వేరు! 6వ తరగతి నుంచి చదువుతున్న స్కేలు మాకు ఆ రోజే అర్థమైంది. జెరాక్సు షాపులో ఒకదాన్ని పెద్దది చేయించి మళ్లీ అతికించాం. ఈసారి గీత దాదాపుగా కలిసింది. ఒకమ్మాయి వాళ్లది హిందూపురం, ఇద్దరిది గౌరీబిదనూరు, మాది జమ్మలమడుగు. ఎవరి ఊరి దగ్గర వాళ్లు చుక్క పెట్టారు. వెనక బెంచీ అబ్బాయి వాళ్లది నెల్లూరట, మాకెవరికీ తెలియదు. ఆఖరి చుక్క వాడే పెట్టాడు.